క్యాన్సిల్ నొక్కితే మ్యాక్రో ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ఇవాళ నేను మాట్లాడబోయేది ఫామ్ మీద ఓ మూలన ఉండే చిన్న బటన్ గురించి. ఎక్సెల్‌లో మ్యాక్రో, అంటే పనుల్ని దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్, రాసేటప్పుడు మన దృష్టంతా ఓకే మీదే ఉంటుంది. ఫామ్ గీస్తాం, లెక్క రాస్తాం, విలువలు ఇచ్చి ఓకే నొక్కి చూస్తాం, అనుకున్న ఫలితం వస్తుంది, ఫైల్ పంపించేస్తాం. దాన్ని వాడే మనిషి ఫామ్ తెరిచాక, "అరే, వేరే షీట్‌లో ఉన్నానే" అనుకుని క్యాన్సిల్ నొక్కుతారు. ఆ తర్వాత ఏమవుతుందో మనం ఒక్కసారి కూడా చూసి ఉండం.

క్యాన్సిల్ బటన్ తెర మీద పెట్టామంటే యూజర్‌కి ఒక మాట ఇచ్చినట్టే. "ఇది నొక్కండి, మ్యాక్రో మొదలుపెట్టక ముందు మీ షీట్ ఎలా ఉందో అలాగే ఉంటుంది" అన్నది ఆ మాట. అది నిలబడాలంటే ముందు, క్యాన్సిల్ నొక్కారన్న సంగతి మన కోడ్‌కి కచ్చితంగా తెలియాలి. తెలిసేలోపు మన కోడ్ షీట్‌లో దేన్నీ కదిపి ఉండకూడదు. మొదటి సంగతి గురించి చాలామంది మాట్లాడతారు. రెండోదాన్ని వదిలేస్తారు. నా దృష్టిలో అసలు గొడవంతా రెండోదానిలోనే ఉంది. అయినా మొదటిదాంతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అక్కడ కూడా గుంతలు తక్కువేం లేవు.

ఎక్కువగా ఎక్సెల్ వీబీఏ, అంటే ఎక్సెల్‌లో మ్యాక్రోలు రాసే భాష గురించే చెప్తాను. 1993లో ఎక్సెల్ 5తో వచ్చింది వీబీఏ. అప్పటినుంచి ఉన్న ఫంక్షన్లు కొన్ని ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వాటిలో ఒక్కోటి క్యాన్సిల్‌ని ఒక్కో రకంగా చెప్తుంది. ఇబ్బంది అక్కడే పుడుతుంది.

ముందు ఇన్‌పుట్‌బాక్స్, అంటే ప్రశ్న చూపించి జవాబు టైప్ చేయించుకునే చిన్న డబ్బా. ఈ పేరుతో రెండున్నాయని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఉత్తినే ఇన్‌పుట్‌బాక్స్ అని రాస్తే అది వీబీఏ భాషలోని ఫంక్షన్. అప్లికేషన్ డాట్ ఇన్‌పుట్‌బాక్స్ అని రాస్తే ఎక్సెల్‌కి సంబంధించిన మెథడ్. తెర మీద రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. క్యాన్సిల్ నొక్కినప్పుడు మాత్రం రెండిటి జవాబూ వేరు.

మొదటిది క్యాన్సిల్‌కి ఖాళీ స్ట్రింగ్, అంటే ఒక్క అక్షరమూ లేని మాట, ఇస్తుంది. ఏమీ టైప్ చేయకుండా ఓకే నొక్కినా ఖాళీ స్ట్రింగే. తలుపు తట్టితే జవాబు రాలేదనుకోండి, లోపల ఎవరూ లేరా, ఉండీ పలకడం లేదా అన్నది బయట నిలబడ్డవాడికి తెలియదు కదా, అలాంటి స్థితి ఇది. చాలా మ్యాక్రోలకు ఈ తేడా అక్కర్లేదు. పేరు అడిగాం, ఖాళీగా వచ్చింది, ఏ కారణంతో వచ్చినా పని ఆపేస్తాం. కానీ "ఈ సెల్‌లో ఉన్న రిమార్క్‌ని మార్చండి, తీసేయాలనుకుంటే ఖాళీగా వదిలి ఓకే నొక్కండి" అని అడిగారనుకోండి. అక్కడ ఖాళీ అంటే తీసేయమని ఆజ్ఞ. క్యాన్సిల్ అంటే ముట్టుకోవద్దని ఆజ్ఞ. రెండూ ఒకటే అనుకుంటే, వెనక్కి తగ్గిన మనిషి రిమార్క్ పోతుంది.

దీనికి ఒక ఉపాయం ఉంది. జవాబు పట్టుకునే వేరియబుల్‌ని స్ట్రింగ్‌గా డిక్లేర్ చేసి, ఎస్‌టీఆర్‌పీటీఆర్ అని రాసే ఫంక్షన్‌తో ఆ స్ట్రింగ్ మెమరీలో ఉన్న చిరునామా చూడండి. క్యాన్సిల్ నొక్కితే సున్నా వస్తుంది. ఖాళీగా ఓకే నొక్కితే సున్నా కాని అంకె వస్తుంది. పొడవు రెండిటికీ సున్నానే, కానీ మెమరీలో ఒకటి అసలు లేని స్ట్రింగ్, ఇంకొకటి ఉండీ ఖాళీగా ఉన్న స్ట్రింగ్. ఇది బాగానే పనిచేస్తుంది. కానీ మీ తర్వాత ఆ కోడ్ చదివే మనిషికి ఆ లైన్ చూడగానే అర్థం కాదు. పక్కన ఒక కామెంట్ రాయండి.

ఇంకో సంగతి. ఆ వేరియబుల్‌ని లాంగ్, అంటే అంకెలు మాత్రమే పట్టే రకం, అని డిక్లేర్ చేసి నేరుగా ఇన్‌పుట్‌బాక్స్ జవాబును అందులో వేసేవాళ్లున్నారు. అంకె ఇస్తే పనిచేస్తుంది. క్యాన్సిల్ నొక్కితే ఖాళీ స్ట్రింగ్‌ని అంకెగా మార్చలేక ఎర్రర్ 13, టైప్ మిస్‌మ్యాచ్, అని డబ్బా వస్తుంది, డీబగ్ నొక్కితే ఆ లైన్ మీద పసుపు గీత పడుతుంది. పాపం, యూజర్ మర్యాదగా తప్పుకుందామనుకుంటే డీబగ్ బటన్ చూపించి భయపెడతాం.

ఇప్పుడు అప్లికేషన్ డాట్ ఇన్‌పుట్‌బాక్స్. ఇది నయం. ఇందులో టైప్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది. 1 ఇస్తే అంకె, 2 ఇస్తే అక్షరాలు, 4 ఇస్తే ట్రూ లేదా ఫాల్స్, 8 ఇస్తే రేంజ్, అంటే సెల్స్ గుంపు. అంకె అడిగినచోట అక్షరాలు కొడితే ఎక్సెలే ఒప్పుకోదు, మళ్లీ అడుగుతుంది. క్యాన్సిల్ నొక్కితే ఫాల్స్ అనే బూలియన్ విలువ ఇస్తుంది, బూలియన్ అంటే ట్రూ, ఫాల్స్ మాత్రమే ఉండే రకం. ఖాళీకీ క్యాన్సిల్‌కీ తేడా ఉంది కాబట్టి బాగుందే అనిపిస్తుంది.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే నేను చూసిన మ్యాక్రోల్లో ఎక్కువ నష్టం చేసేది ఈ చోటే. వీబీఏలో ఫాల్స్, సున్నా పోల్చి చూస్తే సమానం. మీరు "ఎంత శాతం తగ్గింపు ఇవ్వాలి?" అని అడిగారు. యూజర్ సున్నా అని కొట్టి ఓకే నొక్కారు. మీ కోడ్‌లో "జవాబు ఈక్వల్స్ ఫాల్స్ అయితే బయటికి వెళ్లు" అని ఉంది. మ్యాక్రో బయటికి వెళ్లిపోయింది. యూజర్ మళ్లీ నొక్కుతారు, మళ్లీ సున్నా కొడతారు, మళ్లీ ఏమీ జరగదు. ఇది చిరాకే కానీ ప్రమాదం కాదు. దీనికి అద్దం పట్టినట్టుండే రెండో తప్పు ప్రమాదం. జవాబు పట్టుకునే వేరియబుల్‌ని డబుల్ అనో లాంగ్ అనో డిక్లేర్ చేశారు. క్యాన్సిల్ నొక్కగానే ఫాల్స్ కాస్తా సున్నాగా మారి అందులో కూర్చుంటుంది. ఎర్రర్ రాదు. పసుపు గీత పడదు. కోడ్ ముందుకెళ్లి కాలమ్ మొత్తం సున్నాలు నింపేస్తుంది. యూజర్ వద్దన్నారు, మనం చేసేశాం, పైగా చేశామని ఎవరికీ తెలియదు. ఎర్రర్ 13 వచ్చిన మ్యాక్రో దీనికంటే వెయ్యి రెట్లు నయం, అది కనీసం అరుస్తుంది.

మందు ఏంటంటే, జవాబుని ఎప్పుడూ వేరియంట్‌లోనే, అంటే ఏ రకం విలువైనా పట్టే వేరియబుల్‌లోనే, పట్టుకోండి. విలువ ఎంత అని కాదు, ముందు దాని రకం ఏంటని అడగండి. వార్‌టైప్ ఫంక్షన్‌తో చూస్తే బూలియన్‌కి 11 వస్తుంది, దానికి వీబీబూలియన్ అనే పేరూ ఉంది. రకం బూలియన్ అయితే క్యాన్సిల్. కాకపోతే అది జవాబు, సున్నా అయినా సరే. టైప్ 4 వాడినప్పుడు మాత్రం ఈ మందు పారదు, ఎందుకంటే అక్కడ యూజర్ ఫాల్స్ అని నిజంగానే టైప్ చేయొచ్చు. అవును కాదు అని అడగాల్సిన ప్రశ్నకి ఇన్‌పుట్‌బాక్స్ వాడొద్దు, మెసేజ్‌బాక్స్ ఉంది కదా.

టైప్ 8 సంగతి వేరు. "రేంజ్ ఎంచుకోండి" అని అడుగుతాం, యూజర్ మౌస్‌తో సెల్స్ మీద లాగుతారు. జవాబు రేంజ్ ఆబ్జెక్ట్ కాబట్టి సెట్ అని రాసి పట్టుకోవాలి. క్యాన్సిల్ నొక్కితే వచ్చేది ఫాల్స్. ఫాల్స్‌ని సెట్ చేయడం కుదరదు, ఎర్రర్ 424, ఆబ్జెక్ట్ రిక్వయర్డ్. కాబట్టి ఆ ఒక్క లైన్‌కి ముందు, ఎర్రర్ వచ్చినా ఆగకుండా కింది లైన్‌కి వెళ్లమనే ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ పెట్టి, వెంటనే కింద ఆ మినహాయింపుని తీసేసే ఆన్ ఎర్రర్ గోటూ జీరో పెట్టి, ఆ తర్వాత వేరియబుల్ నథింగ్ అయి ఉందా, అంటే అందులో ఏ ఆబ్జెక్టూ లేదా అని చూస్తాం. ఇది అందరూ రాసేదే. ఇందులో రెండు చోట్ల కాలు జారుతుంది. గోటూ జీరో మర్చిపోతే ఆ కింద వచ్చే ఎర్రర్లన్నీ నోరుమూసుకుని పోతాయి. ఇక లూప్‌లో పదే పదే రేంజ్ అడుగుతుంటే, ప్రతిసారీ అడిగేముందు ఆ వేరియబుల్‌ని నథింగ్ చేయాలి. చేయకపోతే రెండోసారి క్యాన్సిల్ నొక్కినా అందులో మొదటిసారి ఎంచుకున్న రేంజే ఉండిపోతుంది. కోడ్ దాని మీదే మళ్లీ పని చేస్తుంది.

ఫైల్ అడిగే డైలాగులకి వద్దాం. గెట్‌ఓపెన్‌ఫైల్‌నేమ్, గెట్‌సేవ్‌యాజ్‌ఫైల్‌నేమ్ అని రెండున్నాయి. ఇవి ఫైల్‌ని తెరవవు, సేవ్ చేయవు, పేరు మాత్రం తెచ్చిస్తాయి. క్యాన్సిల్‌కి ఇవి కూడా ఫాల్స్ ఇస్తాయి. ఆ జవాబుని స్ట్రింగ్‌లో పట్టుకున్నారనుకోండి, ఫాల్స్ అనే అక్షరాలుగా మారిపోతుంది. దాన్ని అలాగే సేవ్‌యాజ్‌కి ఇచ్చారా, ఫోల్డర్‌లో ఫాల్స్ డాట్ ఎక్స్ఎల్ఎస్ఎక్స్ అనే ఫైల్ ఒకటి పుడుతుంది. మీ ఆఫీసు షేర్డ్ డ్రైవ్‌లో ఒకసారి ఆ పేరుతో వెతికి చూడండి. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సిల్ నొక్కి ఉంటారు. (నవ్వులు) కొందరు తెలివిగా ఆ స్ట్రింగ్‌ని "ఫాల్స్" అనే అక్షరాలతో పోల్చి చూస్తారు. ఇంగ్లిష్ సెట్టింగులున్న కంప్యూటర్‌లో అది నడుస్తుంది. జర్మన్ సెట్టింగులుంటే ఆ అక్షరాలు వేరే అవుతాయి, పోలిక విఫలమవుతుంది. మళ్లీ అదే మాట: వేరియంట్‌లో పట్టుకోండి, రకం చూడండి.

ఒకేసారి చాలా ఫైళ్లు ఎంచుకోనిచ్చే మల్టీసెలెక్ట్ పెడితే ఒకే ఫైల్ ఎంచుకున్నా అర్రే, అంటే విలువల జాబితా, వస్తుంది, క్యాన్సిల్‌కి మాత్రం ఫాల్సే. అర్రేని ఫాల్స్‌తో పోల్చబోతే మళ్లీ ఎర్రర్ 13. ఈజ్‌అర్రే అని అడిగితే సరిపోతుంది. ఫైల్‌డైలాగ్ అనే ఆబ్జెక్ట్ ఉంది, ఫోల్డర్ అడగడానికి దాన్నే వాడతాం. అందులో షో మెథడ్ ఓకేకి మైనస్ 1, క్యాన్సిల్‌కి 0 ఇస్తుంది. అది 1 అవుతుందా అని చూసిన కోడ్ ఎప్పటికీ ముందుకు కదలదు.

మెసేజ్‌బాక్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఓకే 1, క్యాన్సిల్ 2, యెస్ 6, నో 7. సున్నా అనేది ఏదీ లేదు కాబట్టి, "ఇఫ్ మెసేజ్‌బాక్స్ దెన్" అని పోలిక లేకుండా రాస్తే ఏది నొక్కినా అవునన్నట్టే లెక్క. యెస్, నో మాత్రమే ఉన్న బాక్స్‌లో మూలనుండే ఇంటూ గుర్తు పనిచేయదు, ఎస్కేప్ కూడా పనిచేయదు. యూజర్‌ని రెండిట్లో ఒకటి ఎంచుకోక తప్పని స్థితిలో పెడుతున్నామని తెలిసే పెట్టాలి. "పాత డేటా తుడిచేయాలా?" లాంటి ప్రశ్నకి క్యాన్సిల్ కూడా ఇవ్వండి. ఎంటర్ కొట్టగానే నొక్కుకునే బటన్ తుడిచేసేది కాకుండా చూడండి, వీబీడీఫాల్ట్‌బటన్2 ఉన్నది అందుకే.

ఇప్పుడు యూజర్‌ఫామ్. ఇక్కడ డైలాగ్ మనం కట్టేది కాబట్టి, క్యాన్సిల్ అంటే ఏంటో కూడా మనమే నిర్ణయించాలి. ఎక్సెల్ 97తో వచ్చాయివి. అంతకుముందు డైలాగ్ షీట్లుండేవి.

ఒక ఫామ్ నుంచి తప్పుకోవడానికి యూజర్‌కి మూడు దారులున్నాయి. క్యాన్సిల్ బటన్, ఎస్కేప్ కీ, మూలనున్న ఇంటూ. మూడూ ఒకే చోటికి చేరాలి. ఎస్కేప్ సులువు. క్యాన్సిల్ బటన్ ప్రాపర్టీల్లో క్యాన్సిల్ అనే ప్రాపర్టీనే ఉంది, దాన్ని ట్రూ చేస్తే ఎస్కేప్ కొట్టగానే ఆ బటన్ క్లిక్ ఈవెంట్ నడుస్తుంది. ఇంటూ గుర్తు మాత్రం ఆ బటన్‌ని అసలు పట్టించుకోదు, నేరుగా ఫామ్‌ని అన్‌లోడ్ చేసేస్తుంది. అన్‌లోడ్ అయ్యేముందు క్వెరీక్లోజ్ అనే ఈవెంట్ వస్తుంది. అందులో క్లోజ్‌మోడ్ అనే విలువ చూస్తే ఎవరు మూస్తున్నారో తెలుస్తుంది. 0 అయితే ఇంటూ నొక్కారు, 1 అయితే మన కోడే అన్‌లోడ్ అంది, 2 అయితే విండోస్ ముగుస్తోంది. 0 అయినప్పుడు మూయడాన్ని ఆపి, ఫామ్‌ని దాచి, క్యాన్సిల్ అయిందని గుర్తు పెట్టుకోవాలి.

ఎందుకు అన్‌లోడ్ కాకూడదు, ఎందుకు దాచాలి? ఫామ్ మూతపడ్డాక పిలిచిన ప్రొసీజర్ వచ్చి, యూజర్‌ఫామ్1 డాట్ టెక్స్ట్‌బాక్స్1లో ఏముందని అడుగుతుంది. ఫామ్ అన్‌లోడ్ అయిపోయి ఉంటే వీబీఏ "లేదు" అని చెప్పదు. గుట్టుచప్పుడు కాకుండా కొత్త ఫామ్ ఒకటి లోడ్ చేసి, ఫామ్ పుట్టేటప్పుడు వచ్చే ఇనిషియలైజ్ ఈవెంట్ నడిపి, అందులోని ఖాళీ బాక్స్‌నో, మొదట పెట్టిన విలువనో చేతికిస్తుంది. మీ కోడ్ అదే యూజర్ జవాబనుకుంటుంది. ఇంటూ నొక్కినప్పుడు షీట్‌లో ఖాళీ వరసలు చేరుతున్నాయని ఎవరైనా అంటే మొదట చూడాల్సింది ఇక్కడే.

నేను ఇష్టపడే పద్ధతి ఇది. ఫామ్ లోపల ఒక బూలియన్ ఉంటుంది, క్యాన్సిల్ అయిందా అని చెప్పేది. అది మొదటినుంచే ట్రూ. అంటే ఫామ్ పుట్టడమే క్యాన్సిల్ అయినట్టు పుడుతుంది. ఓకే బటన్ ఒక్కటే, అదీ విలువలన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాక, దాన్ని ఫాల్స్ చేస్తుంది. మనం ఊహించని దారి ఏదైనా ఉండి ఫామ్ అలా మాయమైతే, లెక్క క్యాన్సిల్ వైపే పడుతుంది. పిలిచే ప్రొసీజర్ ఆ ఫామ్‌కి కొత్త కాపీ తయారు చేసుకుని, చూపించి, తిరిగొచ్చాక ముందు ఆ బూలియన్ అడిగి, కావలసినవి తీసుకుని, చివర్లో తనే అన్‌లోడ్ చేస్తుంది. ఒకే ఫామ్‌ని దాచి మళ్లీ మళ్లీ చూపిస్తుంటే మాత్రం జాగ్రత్త. రెండోసారి ఇనిషియలైజ్ నడవదు. మొదటిసారి ఓకే నొక్కినప్పటి ఫాల్స్ అలాగే ఉండిపోతుంది. అందుకని క్యాన్సిల్ క్లిక్‌లోనూ క్వెరీక్లోజ్‌లోనూ ట్రూ అని మళ్లీ రాయండి, ఒక లైన్ ఎక్కువైతే ఏం పోయింది.

చాలామంది చూడని చిక్కు ఒకటుంది. టెక్స్ట్‌బాక్స్ ఎగ్జిట్ ఈవెంట్‌లో తనిఖీ రాస్తాం: తేదీ సరిగ్గా లేకపోతే మెసేజ్ చూపించి బయటికి కదలనివ్వం. యూజర్ తేదీ సగం టైప్ చేసి, మనసు మార్చుకుని, క్యాన్సిల్ మీద క్లిక్ చేస్తారు. క్లిక్ అందేలోపే ఎగ్జిట్ ఈవెంట్ అడ్డుపడి "తేదీ సరిగ్గా లేదు" అంటుంది. మళ్లీ క్యాన్సిల్, మళ్లీ అదే మెసేజ్. బయటికి వెళ్లాలంటే సరైన తేదీ ఇవ్వాలట! క్యాన్సిల్ బటన్‌కి టేక్‌ఫోకస్‌ఆన్‌క్లిక్ అనే ప్రాపర్టీని ఫాల్స్ చేస్తే ఈ చెర తప్పుతుంది. బటన్ ఫోకస్ తీసుకోదు కాబట్టి టెక్స్ట్‌బాక్స్ నుంచి ఎగ్జిట్ అవ్వడమే ఉండదు. ఇంకా మంచి దారేంటంటే తనిఖీ అంతా ఓకే క్లిక్‌లోనే రాయడం.

సరే, క్యాన్సిల్ నొక్కారని తెలుసుకోవడం ఇంతవరకు. ఇప్పుడు మొదట్లో అన్న రెండో సంగతి. ఎక్సెల్‌లో ఒక కఠినమైన నిజం ఉంది. మ్యాక్రో షీట్‌ని మార్చిందంటే అన్‌డూ జాబితా తుడిచిపెట్టుకుపోతుంది. చేత్తో చేసిన తప్పుకి కంట్రోల్ జెడ్ ఉంది, మ్యాక్రో చేసినదానికి లేదు. పైగా మ్యాక్రోకి ముందు యూజర్ చేత్తో చేసుకున్న మార్పుల్ని కూడా ఇక వెనక్కి తిప్పలేరు. అందుకే క్యాన్సిల్ నొక్కాక "మార్చినవన్నీ వెనక్కి తిప్పేద్దాంలే" అనే ఆలోచన పెట్టుకోవద్దు. పాత విలువలు దాచిపెట్టి తిరిగి రాయొచ్చు, కానీ ఫార్ములాలు, ఫార్మాట్లు, ఫిల్టర్లు, వీటన్నిటినీ దాచే కోడ్ అసలు మ్యాక్రో కంటే పెద్దదవుతుంది.

దానికంటే ప్రశ్నలన్నీ ముందే అడిగేయండి. మూడు ఇన్‌పుట్‌బాక్సులున్నాయనుకుందాం. మొదటి జవాబు రాగానే ఒక సెల్‌లో రాసి, రెండోది రాగానే ఇంకో సెల్‌లో రాసి, మూడోది అడుగుతారు. మూడోదాంట్లో క్యాన్సిల్ నొక్కితే షీట్‌లో రెండొంతుల రికార్డు మిగులుతుంది. అదే మూడు జవాబులూ వేరియబుల్స్‌లో పట్టుకుని, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసి, అప్పుడు ఒక్కసారిగా రాస్తే, ఎక్కడ క్యాన్సిల్ నొక్కినా మనం చేయాల్సింది బయటికి రావడమొక్కటే. అడగడం, సరిచూడటం, చేయడం, ఈ వరస తప్పకపోతే క్యాన్సిల్ కోసం ప్రత్యేకంగా రాయాల్సిన కోడ్ దాదాపు మాయమవుతుంది.

యూజర్‌ఫామ్‌లో ఈ వరసని తెలియకుండా చెడగొట్టేది కంట్రోల్‌సోర్స్ ప్రాపర్టీ. టెక్స్ట్‌బాక్స్‌ని నేరుగా సెల్‌కి ముడిపెట్టడానికి సౌకర్యంగా ఉంటుంది. కానీ యూజర్ విలువ మార్చి పక్క బాక్స్‌కి వెళ్లగానే సెల్ మారిపోతుంది. ఓకే నొక్కేదాకా ఆగదు. అలాంటి ఫామ్ మీద క్యాన్సిల్ బటన్ అలంకారానికి పనికొస్తుందంతే. ఫామ్ తెరిచేటప్పుడు సెల్ నుంచి మనమే చదివి, ఓకేలో మనమే రాయాలి.

సెట్టింగుల సంగతీ ఇలాంటిదే. మ్యాక్రో మొదట్లోనే కాలిక్యులేషన్‌ని మాన్యువల్ చేసి, ఎనేబుల్‌ఈవెంట్స్‌ని ఫాల్స్ చేసి, ఆ తర్వాత ప్రశ్నలు అడిగేవాళ్లున్నారు. క్యాన్సిల్ నొక్కగానే ఎగ్జిట్ సబ్. స్క్రీన్‌అప్‌డేటింగ్ దానంతటది మామూలుకొస్తుంది, ఈ రెండూ రావు. స్టేటస్‌బార్ మీద మనం రాసిన మాటా, మనం మార్చిన కర్సరూ అలాగే ఉండిపోతాయి. కాసేపటికి యూజర్ అంకె మారిస్తే మొత్తం మారడం లేదు, ఎక్సెల్ చెడిపోయిందంటారు. చెడిపోయింది ఎక్సెల్ కాదు. ప్రశ్నలు ముందు, సెట్టింగులు తర్వాత. లోపల మధ్యలో ఆగే అవకాశం ఉన్నచోట ఒకే ఒక్క నిష్క్రమణ లేబుల్ పెట్టి, అక్కడే అన్నీ యథాస్థానానికి తెచ్చి, అప్పుడు బయటికి రండి.

ఎగ్జిట్ సబ్ గురించి ఇంకొక్క మాట. అది ఉన్న ప్రొసీజర్ నుంచే బయటికొస్తుంది, పిలిచినవాడు తన పని తాను చేసుకుపోతాడు. ప్రశ్నలు అడిగే భాగాన్ని విడిగా రాసినప్పుడు దాన్ని ఫంక్షన్ చేసి, ట్రూ లేదా ఫాల్స్ తిరిగి ఇప్పించండి. పిలిచేచోట "వివరాలు రాకపోతే ఆగిపో" అని ఒక లైన్ చాలు. ఇది బద్ధకించి ఎండ్ అనే స్టేట్‌మెంట్ వాడతారు. అది అన్నిటినీ ఉన్నపళంగా ఆపేస్తుంది నిజమే. మాడ్యూల్ స్థాయి వేరియబుల్స్ అన్నీ చెరిపేస్తుంది, క్వెరీక్లోజ్ లాంటి ఈవెంట్లు నడవనివ్వదు, సెట్టింగులు తిరిగి పెట్టే అవకాశమూ ఇవ్వదు. నన్నడిగితే ఆ స్టేట్‌మెంట్ ఉందన్న సంగతి మర్చిపోవడం మంచిది.

పని మొదలయ్యాక ఆపడం వేరే కథ. వేల వరసల మీద లూప్ నడుస్తోంది, యూజర్ ఎస్కేప్ కొట్టారు. మామూలుగా అయితే "కోడ్ ఆగిపోయింది" అనే డబ్బా, డీబగ్ బటన్. అప్లికేషన్ డాట్ ఎనేబుల్‌క్యాన్సిల్‌కీని ఎక్స్ఎల్ఎర్రర్‌హ్యాండ్లర్ చేస్తే, ఆ ఎస్కేప్ ఎర్రర్ 18గా మన ఎర్రర్ హ్యాండ్లర్‌కి చేరుతుంది. అక్కడ "ఇంతవరకు ఇన్ని వరసలయ్యాయి, ఆపాలా, కొనసాగించాలా?" అని అడిగి, కొనసాగించమంటే రెజ్యూమ్ అనొచ్చు. దాన్నే ఎక్స్ఎల్డిసేబుల్డ్ చేయడం మాత్రం నాకు నచ్చదు. లూప్ ఎక్కడైనా తిరుగుతూ ఉండిపోతే ఎక్సెల్‌ని చంపడం తప్ప యూజర్‌కి దారి ఉండదు, సేవ్ చేయని పనంతా దాంతోపాటే పోతుంది. ప్రోగ్రెస్ ఫామ్ మీద క్యాన్సిల్ బటన్ పెట్టాలంటే ఫామ్‌ని మోడ్‌లెస్‌గా, అంటే తెర మీద ఉండగానే కోడ్ ముందుకెళ్లేలా, చూపించి, లూప్‌లో అప్పుడప్పుడు క్లిక్కులు అందనిచ్చే డూఈవెంట్స్ పిలిచి, బటన్ ఎత్తిన జెండాని ప్రతి వరస చివర చూడాలి. ప్రతి వరస చివర అని ఎందుకంటున్నానంటే, వరస మధ్యలో ఆగితే సగం రాసిన రికార్డు మిగులుతుంది.

ఫామ్ కాదు గానీ దగ్గరి చుట్టమే ఇంకోటుంది, వర్క్‌బుక్ బిఫోర్‌క్లోజ్ ఈవెంట్. ఫైల్ మూసేటప్పుడు మన మెనూలు తీసేసే కోడ్, తాత్కాలిక షీట్లు తుడిచే కోడ్ అందులో రాస్తాం. ఈ ఈవెంట్ ఎప్పుడు వస్తుంది? "మార్పులు సేవ్ చేయాలా?" అని ఎక్సెల్ అడగడానికి ముందు. మనం అన్నీ తీసేశాక ఎక్సెల్ ఆ ప్రశ్న అడుగుతుంది, యూజర్ క్యాన్సిల్ అంటారు. ఫైల్ తెరిచే ఉంటుంది, మెనూలు మాత్రం ఉండవు. ఆ క్యాన్సిల్ సంగతి మన కోడ్‌కి చెప్పే ఈవెంట్ లేదు. అందుకని ఆ ప్రశ్న మనమే ముందు అడగాలి. సేవ్ కాని మార్పులుంటే యెస్, నో, క్యాన్సిల్ మూడూ ఉన్న మెసేజ్‌బాక్స్ పెట్టండి. యెస్ అంటే సేవ్ చేయండి. నో అంటే సేవ్డ్ ప్రాపర్టీని ట్రూ చేయండి, ఎక్సెల్ మళ్లీ అడగదు. క్యాన్సిల్ అంటే ఈవెంట్‌లోని క్యాన్సిల్ ఆర్గ్యుమెంట్‌ని ట్రూ చేసి అక్కడే బయటికి రండి. తుడిచే పని ఈ ప్రశ్నకి జవాబు వచ్చాకే. ఒక్కటి చూసుకోండి: తుడిచేటప్పుడు షీట్లు కదిలితే వర్క్‌బుక్ మళ్లీ మారినట్టే లెక్క, సేవ్ చేయడమో సేవ్డ్ అని చెప్పడమో ఆ తర్వాత జరగాలి.

సమయం అయిపోతోంది, ప్రశ్నలుంటే తీసుకుంటాను.

ప్రశ్న: మేం లిబ్రేఆఫీస్, గూగుల్ షీట్స్ వాడతామండీ. అక్కడ కూడా ఇంతేనా?

ఆలోచన ఇంతే, జవాబుల రూపం వేరు. లిబ్రేఆఫీస్ బేసిక్‌లో ఇన్‌పుట్‌బాక్స్ క్యాన్సిల్‌కి ఖాళీ స్ట్రింగే ఇస్తుంది. మీరు కట్టిన డైలాగ్‌ని ఎగ్జిక్యూట్ చేస్తే ఓకేకి 1, క్యాన్సిల్‌కి 0 వస్తాయి. గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో పద్ధతి నాకు బాగా నచ్చింది. యూఐ ప్రాంప్ట్ జవాబు ఒక ఆబ్జెక్ట్. ఏ బటన్ నొక్కారన్నది విడిగా, ఏం టైప్ చేశారన్నది విడిగా అడుగుతాం. ఇంటూ గుర్తుకి క్లోజ్ అని వేరే విలువ ఉంది, కాబట్టి క్యాన్సిల్ ఒక్కటే చూసి ఊరుకోకండి. "ఓకే కాకపోతే ఆగిపో" అని రాస్తే అన్నీ కలిసొస్తాయి. అక్కడే పాత బ్రౌజర్ డాట్ ఇన్‌పుట్‌బాక్స్ కూడా ఉంది. అది క్యాన్సిల్‌కి చిన్న అక్షరాల్లో క్యాన్సిల్ అనే మాటనే స్ట్రింగ్‌గా ఇస్తుంది. యూజర్ ఆ మాటే టైప్ చేసి ఓకే నొక్కితే తేడా కనుక్కోలేరు. ఆర్డర్ స్టేటస్ అడిగేచోట అలా టైప్ చేయడం వింతేం కాదు కదా. దాన్ని వాడకండి.

ప్రశ్న: క్యాన్సిల్ నొక్కాక "మీరు రద్దు చేశారు" అని మెసేజ్ చూపించాలా?

వద్దు. ఏమీ మారకపోతే చెప్పడానికేం లేదు, చేసిన పని వాళ్లకి తెలుసు. ఓకే నొక్కి తీసేయాల్సిన ఇంకో డబ్బా తప్ప అది ఇంకేం కాదు. "నిజంగా క్యాన్సిల్ చేయాలా?" అని అడగడం కూడా ఫామ్‌లో చాలా టైప్ చేసి ఉన్నప్పుడే అర్థవంతం, రెండు బాక్సుల ఫామ్‌కి అది విసుగు. నడుస్తున్న లూప్‌ని మధ్యలో ఆపినప్పుడు మాత్రం తప్పకుండా చెప్పండి: ఎన్ని వరసలయ్యాయి, ఏ వరస దగ్గర ఆగింది, మళ్లీ నడిపితే మొదటినుంచి వస్తుందా, అక్కడినుంచి వస్తుందా. ఆ చివరిది మీ కోడ్‌కే తెలియకపోతే, మెసేజ్ రాయడం ఆపి ముందు అది తేల్చండి.